పాత ఇంజనుకు క్రొత్త నిప్పురవ్వ

మీ ఇంటి వసారాలో ఒక పాత బుల్లెట్టో ఎజ్డీయో ఉన్నది. లేదా తుంగభద్ర దిగువ కాలువ గట్టున మీ చేనికి నీరు తోడు పాత విలియర్స్ కిరసనాయిలు ఇంజను ఉన్నది. దానిని విడిచిపెట్ట మనసొప్పదు; నమ్మి బయలుదేర ధైర్యము చాలదు. ఎండకాలమున ఆదోని నుండి ఎమ్మిగనూరు పోవు దారిలో, నల్లరేగడి చేలు తప్ప చెట్టునీడయైనను కానరాని చోట, బండి రెండు మారులు దగ్గి ఆగిపోవును. మీరు దిగి, పాయింట్ల మూత విప్పి, జేబులోని గరుకు కాగితముతో మొనలను రుద్ది, మరల మరల తన్ని, చెమటలో మునిగి ఇల్లు చేరుదురు. ఆ సాయంత్రమే ఎవరో ఒకరు మీతో అందురు: “ఇంకా పాయింట్లేందప్పా, ఎలక్ట్రానిక్ పెట్టించుకో. మళ్లీ మూత ఇప్పే పనుండదు.”

ఈ మాట నిజమేనా? సగము నిజము. ఆ సగమేదో తెలియక తక్కిన సగమునకు డబ్బు పోయుటవలననే, ఎలక్ట్రానిక్ కిట్లు బిగించుకొనిన బండ్లు సైతము దారిలో ఆగుచున్నవి.

సిద్ధాంతము జోలికి ఎక్కువగా పోను. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషను 1910 నాటి క్యాడిలాక్ కారులో చేరినది మొదలు, 1955లో మద్రాసున స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్టు వరకును పద్ధతి ఒక్కటే: రెండు చిన్న లోహపు మొనలు కలిసియున్నంతసేపు కాయిలులో కరెంటు పారును, అవి విడివడిన క్షణమున ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు, నాలుగు స్ట్రోకుల బుల్లెట్టులో ఆ మొనలు నిమిషమునకు 1500 మారులును, రెండు స్ట్రోకుల ఎజ్డీలో 3000 మారులును విడివడవలెను. ఇంతగా కొట్టుకొను వస్తువు అరగకుండునా? మొనలు కాలి గుంటలు పడును. క్యామును రాచుకొను ఫైబరు మడమ అరిగి ఎడము తగ్గును. ఎడము తగ్గినకొలది నిప్పురవ్వ ఆలస్యముగా పుట్టి, లాగుడు మందగించి, ఇంజను వేడెక్కును. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఈ రాపిడి లేదు: తిరుగుచున్న అయస్కాంతమును ఒక సెన్సారు కనిపెట్టును, కరెంటును మాడ్యూలు తెంచును. అనగా అరుగుదల యను ఒక్క వ్యాధికి మాత్రమే అది మందు. కాయిలు చెడినను, బ్యాటరీ నీరసించినను, కార్బురేటరులో మడ్డి పేరినను అది చేయగలది ఏమియు లేదు.

కావున కిట్టు కొనుటకు ముందు కొంత పని కలదు.

1. ముందు వ్యాధిని నిర్ణయింపుడు. పెట్రోలు కుళాయి మూసి, ప్లగ్గు విప్పి, దానిని మరల టోపీలో తొడిగి, దాని లోహపు ఒడలిని ఇంజను లోహమునకు గట్టిగా ఆనించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా ఉంచి, కిక్కు కొట్టి చూడుడు. చిటుక్కుమని నీలిరంగున బలమైన రవ్వ దుమికినచో కరెంటు దోషము కాదని చాలవరకు తేల్చవచ్చును. పసుపుపచ్చగా, ఎఱ్ఱగా, సన్నగా వణకుచు వచ్చినచో పాయింట్లను, కండెన్సరును, కాయిలును అనుమానింపవలెను.

ఇట్టి సందర్భమొకటి ఊహింపుడు. ఆదోనిలో ప్రత్తి కొనుగోలు చేయు ఒకరి బండి, ఎన్నిమారులు బయలుదేరినను పట్టణము దాటి కొంత దూరము పోవుసరికి ఆగిపోవుచుండెను; కొంతసేపు నిలిపినయెడల మరల కదలుచుండెను. ఆయన కిట్టు వేయించెను. బండి మరల ఆ చోటనే ఆగెను. దోషమెక్కడ? పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రము దుమ్ముతో పూడుకొనిపోయినది. లోనికి గాలి పోక పెట్రోలు దిగుట మానినది. మూత ఒకసారి వదులుచేసి చూచినయెడల రూపాయి ఖర్చు లేకుండ తెలియవలసిన సంగతి అది. ఇంజను వేడెక్కిన తరువాత మాత్రమే చచ్చి, చల్లారగానే బ్రతుకుచున్నదా? ట్యాంకు మూత బాగున్నచో, మొట్టమొదట కండెన్సరు మార్చి చూడుడు. అది చౌక వస్తువు. జిన్నింగు మిల్లుల పరిసరములలో తిరుగు బండికి గాలి వడపోతలో ప్రత్తి నూగు పట్టి ఊపిరి సలుపకుండుటయు కలదు. వీనిలో ఏదియు ఎలక్ట్రానిక్ కిట్టుతో నయము కాదు.

2. మీ ఇంజను ఏ తెగదో తెలిసికొనుడు. పాయింట్ల నుండి బయలుదేరిన తీగ వెంట వ్రేలు పెట్టి పొండు. అది కాయిలునకును, అక్కడి నుండి తాళపు స్విచ్చికిని, తుదకు బ్యాటరీకిని చేరినయెడల మీది బ్యాటరీ తెగ. బ్యాటరీయే లేక, త్రాడు చుట్టి లాగగానే అయస్కాంతములు పొదిగిన ఫ్లైవీలు తనకు తానే కరెంటు పుట్టించుకొనునదైనచో అది మాగ్నెటో తెగ; పాత కిరసనాయిలు పంపు ఇంజనులు ప్రాయికముగా ఈ తెగకు చెందినవి. ఒక తెగ కిట్టు మరియొక తెగకు పనికిరాదు. దుకాణమువాడు “అన్నిటికీ ఒకటే సార్” అనినచో నమస్కారము పెట్టి బయటికి రండు.

అన్నట్లు, డీజిల్ బుల్లెట్టు గలవారును, డీజిల్ పంపుసెట్టు గలవారును ఒక్కొక్కప్పుడు ఈ కిట్టును గూర్చి అడుగుదురు. అయ్యా, డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గే లేదు. ఒత్తిడివలన కాగిన గాలిలో ఇంధనము దానంతట అది అంటుకొనును. మీరు ఈ అధ్యాయమును విడిచిపెట్టి నాజిల్ సంగతి చూచుకొనవచ్చును.

3. మాగ్నెటో ఇంజను గలవారి పని సులభము; అయినను ఒక మెలిక కలదు. అగ్గిపెట్టెకంటె చిన్నదియగు మాడ్యూలొకటి దొరకును. పాయింట్లను, కండెన్సరును తప్పించి, కాయిలు నుండి వచ్చు తీగకును, ఇంజను లోహమునకును నడుమ దీనిని కలుపుటయే. ఇంజనును ఆపు మీట తీగను మాత్రము యథాస్థానమున ఉంచవలెను. లేనిచో ఇంజనును ఆపుటకు మీకు దారి మిగులదు. మెలిక యేమనగా, ఫ్లైవీలును ఇరుసునకు పట్టియుంచు అర్ధచంద్రాకారపు కీ కొంచెము నలిగియున్నను ఫ్లైవీలు పక్కకు జరిగి, టైమింగు తప్పి, ఎంత ఖరీదైన మాడ్యూలైనను వ్యర్థమగును. ఫ్లైవీలు విప్పినప్పుడే ఆ కీని బయటికి తీసి, వెలుతురులో త్రిప్పి చూడుడు. అంచున మెట్టువలె నొక్కు కనిపించినచో క్రొత్తది వేయుడు. అయస్కాంతముల బలము క్షీణించినయెడల ఏ మాడ్యూలును దానిని తిరిగి తేజాలదు. కొన్ని మాడ్యూళ్లు తీగల వరుస మారినచో పలుకవు. కొన్ని పాయింట్లకంటె రవంత ఆలస్యముగా రవ్వను పుట్టించును. కావున బిగించిన తరువాత టైమింగు చూడకుండ వదలరాదు.

4. బ్యాటరీ తెగవారు వోల్టులను, ఎర్తును కనిపెట్టవలెను. పాత బండ్లలో 6 వోల్టులవి గలవు, 12 వోల్టులవి గలవు; కొన్నిటిలో బ్యాటరీ ఋణధ్రువము ఛాసీకి తగిలియుండును, మరికొన్నిటిలో ధనధ్రువము తగిలియుండును. పాయింట్లకు ఈ భేదము పట్టదు, మాడ్యూలుకు ప్రాణాంతకము. తారుమారుగా ఒక్క క్షణము తగిలించినను చాలును, పొగయైనను రాకుండ అది చచ్చును. అట్లు చచ్చినదానిని ఏ దుకాణమువాడును మార్చి ఈయడు. పాత తీగల రంగులను నమ్మకుడు. ఇన్నేండ్లలో ఎందరు మిస్త్రీలు ఏ రంగునకు ఏ రంగు అతికిరో ఎవరికెరుక? మల్టీమీటరుతో బ్యాటరీ వద్దనే చూడుడు.

5. కాయిలు నిరోధమును కొలువుడు. ఈ ఒక్క పని చేయనందువలన కాలిపోయిన మాడ్యూళ్లు లెక్కకు మిక్కిలి. కాయిలు తీగలు విప్పి, రెండు చిన్న కొనల నడుమ మల్టీమీటరు పెట్టుడు. 12 వోల్టుల కాయిలుకు ప్రాయికముగా 3 ఓముల దరిదాపున వచ్చును. అప్పుడు దానిగుండ పారగల కరెంటు 4 ఆంపియర్లు. అందుకు మారుగా 1.5 ఓముల 6 వోల్టుల కాయిలు ఉండి, మీరు దానికి 12 వోల్టులిచ్చినచో 8 ఆంపియర్లు పారి మాడ్యూలును వేచును. మీటరు పుల్లలు రెంటిని ఒకదానికొకటి తాకించి వాని స్వంత నిరోధమును ముందుగా తీసివేయుట మరువకుడు. ఇంత చిన్న కొలతలో అదియు లెక్కకు వచ్చును. కిట్టు కాగితముపై కనీస నిరోధ మెంతయని వ్రాసియుండును. వ్రాయని కిట్టును కొనకుడు. బళ్లారిలో కొనినను, కర్నూలులో కొనినను ఈ నియమము ఒక్కటే.

6. పాత ఇరుసును చేతితో ఊపి చూడుడు. పాయింట్ల గదిలోని ఇరుసు పట్టుకొని పక్కలకు కదల్చినప్పుడు లటలటలాడుచున్నచో బుష్షు పోయినది. అట్టి ఇరుసుమీద బిగించిన అయస్కాంతము సెన్సారునకు ఒకమారు దగ్గరగా, ఒకమారు దూరముగా తిరిగి, మీ క్రొత్త పరికరమునకు పాత జబ్బే పట్టించును. వేగమునుబట్టి టైమింగును ముందుకు జరుపు చిన్న బరువులును, వాని స్ప్రింగులును అక్కడనే ఉండును. అనేక కిట్లు ఈ యాంత్రికమైన అమరికనే వాడుకొనును గాని దానిని తొలగింపవు. కావున గ్రీజు గడ్డకట్టి బరువులు బిగుసుకొనియున్నచో కిరసనాయిలుతో కడిగి, ఒక్క చుక్క నూనె వేసి, వ్రేలితో త్రిప్పి విడిచినప్పుడు తమంతట తాము వెనుకకు వచ్చునట్లు చేయుడు. మన ప్రాంతపు రేగడిదుమ్ము నూనెతో కలిసినచో ఎట్టి బంకయగునో మీకు చెప్పనక్కరలేదు.

7. ఇక బిగించుట. తొలుత బ్యాటరీ తీగ విప్పుడు. పాత పాయింట్ల పలక ఏ స్థానమున నున్నదో దానిమీదను, గది అంచుమీదను కలియునట్లు సూదిమొనతో ఒక గీత గీయుడు. తిరిగి పెట్టవలసివచ్చినప్పుడు ఆ గీతయే మీకు దిక్కు. కిట్టు కాగితము కండెన్సరును తీసివేయుమని చెప్పినయెడల (చాలమట్టుకు చెప్పును) తీసివేయుడు, ఊరక వ్రేలాడనీయకుడు. సెన్సారునకును అయస్కాంతమునకును నడుమ ఎడము పెట్టునప్పుడు ఉక్కు ఫీలరు గేజి పనికిరాదు. అయస్కాంతము దానిని తనవైపు లాగికొని కొలతను అబద్ధము చేయును. ఇత్తడిదో ప్లాస్టిక్‌దో వాడవలెను.

మాడ్యూలును ఎక్కడ పెట్టుదురు? చోటు దొరకినదని సిలిండరు ప్రక్కన కట్టుట సర్వసాధారణమైన తప్పు. ఏప్రిల్, మే నెలలలో నీడలోనే 40 డిగ్రీలు దాటు మన సీమలో, ఇంజను వేడిమి కూడ తోడైనచో ఏ ఎలక్ట్రానిక్ వస్తువు బ్రతుకును? సీటు క్రిందనో, గాలి తగులు చట్రముపైననో, ఎగ్జాస్టు గొట్టమునకు దూరముగా బిగింపుడు. ఎర్తు తీగ తగులుచోట రంగు గీకి తెల్లని లోహము కనపడనిండు. మాడ్యూలుకు కరెంటు ఇచ్చు తీగకు ప్రత్యేకముగా ఒక ఫ్యూజు పెట్టుడు. ఆపైన స్విచ్చి వేసి బ్యాటరీ వద్ద ఎన్ని వోల్టులున్నవో, కాయిలు వద్ద ఎన్ని వోల్టులున్నవో రెండును కొలువుడు. బ్యాటరీలో 12.5 ఉండి కాయిలు వద్ద 10 మాత్రమే వచ్చినచో, దొంగ మీ పాత తాళపు స్విచ్చిలో ఉన్నాడు. నీరసించిన వోల్టులతో పాయింట్లు ఎట్లో ఈడ్చుకొని వచ్చును. అనేక మాడ్యూళ్లు ఒక హద్దు క్రింద మౌనము వహించును.

8. టైమింగు. పని అంతయు ఇక్కడనే గట్టెక్కును, ఇక్కడనే చెడును. ఆదోనిలో పాత మిస్త్రీల నెవరినైనను అడుగుడు:

“భాయ్, టైమింగ్ ఎట్ల పెడతావు?”

“చెవితోనే సామీ. చిన్నప్పట్నుంచి ఇదే పని గదా.”

ఆ చెవిని నేను తక్కువ చేయను. అది పుస్తకముల వలన వచ్చు విద్య కాదు. కాని ఆయన చెవికి తోడుగా ఒక చిన్న బల్బు ఉండును: పాయింట్లకు తగిలించిన బల్బు అవి విడివడునప్పుడు వెలుగును, ఆ వెలుగును చూచి పలకను జరుపును. పాత బుల్లెట్టునకు, టైమింగు పూర్తిగా వెనుకకు ఉన్నప్పుడు, పిస్టను పైచివరకు చేరుటకు సుమారు 0.8 మిల్లీమీటర్ల ముందు మొనలు విడివడవలెను. మొనల ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో విడివడుటకు మొనలే లేవు గనుక ఆ బల్బు విద్య ఇక్కడ చెల్లదు. ఊరక తగిలించినచో మాడ్యూలుకే ముప్పు. కొన్ని కిట్లలో ఇందుకై చిన్న దీపము అమర్చియుందురు. లేనిచో స్ట్రోబు టైమింగు లైటు గల మిస్త్రీని వెదకుడు. ఇంజను నడుచుచుండగా గుర్తుపై ఆ వెలుగు పడనిచ్చి సరిచూచుటయే నమ్మకమైన దారి. ఏ వేగమున ఏ గుర్తు కలియవలెనో కిట్టు కాగితము చెప్పినట్లే చేయుడు, పాత అలవాటు చెప్పినట్లు కాదు.

టైమింగు మితిమీరి ముందుకు జరిగినదని ఎట్లు తెలియును? కిక్కు కొట్టగానే అది వెనుకకు తన్ని పిక్కమీద దెబ్బ వేయును. ఎక్కుడులో ఇంజను లోపల టకటక వినిపించును. ఆ తన్నుడును బండి పొగరని మురిసిపోవువారు కలరు. అది పొగరు కాదు, పిస్టనుకు చేటు.

9. ప్లగ్గును, దాని టోపీని, మందమైన తీగను కిట్టు చెప్పినట్లు మార్చుడు. వట్టి రాగితీగ, నిరోధము లేని టోపీ పుట్టించు విద్యుత్ గోల మాడ్యూలును కలవరపెట్టును. సాధారణముగా 5 కిలో ఓముల నిరోధముగల టోపీని గాని, నిరోధముగల ప్లగ్గును గాని కోరుదురు. మరియొక దురభ్యాసము కలదు: ప్లగ్గు తీగను గాలిలో విడిచి కిక్కు కొట్టి చూచుట. రవ్వకు దారి దొరకక ఆ ఒత్తిడి కాయిలు లోపలను, మాడ్యూలు లోపలను చీల్చుకొని పోవును. ఎప్పుడైనను ప్లగ్గును లోహమునకు ఆనించియే చూడవలెను. అట్లే చట్రమునకు వెల్డింగు చేయించునప్పుడు మాడ్యూలు తీగలు విప్పక తప్పదు.

బుల్లెట్టు చిరకాలముగా నడుపువారికి ఇక్కడ ఒక చిన్న నష్టము. తాళము త్రిప్పి, కిక్కును మెల్లగా నొక్కుచు, హెడ్‌లైటు మీది ఆంపియర్ మీటరు ముల్లు నడిమికి వచ్చిన క్షణమున మొనలు విడివడినవని గ్రహించి, డీకంప్రెషరు పట్టి, కొంచెము దాటించి, ఒక్క తన్నుతో బండి లేపుట మీకు చేతికి వచ్చిన విద్య కదా? కిట్టు బిగించిన తరువాత ఆ ముల్లు మునుపటివలె పలుకదు; కొన్ని మాడ్యూళ్లు ఇంజను ఆగియున్నప్పుడు కరెంటును తామే కట్టివేయును. ఇక మీదట పాదమునకు తగులు బిగువును బట్టియే పిస్టను జాడ తెలిసికొనవలెను. నాలుగు దినములు విసుగు పుట్టును, పిదప అలవడును.

పడవ ఇంజనులు గల మిత్రులకు కూడ రెండు మాటలు. మన మంత్రాలయము రేవున తిరుగు పుట్టికి ఇంజను లేదు, తెడ్డే దాని బలము. కాని పెట్రోలు ఇంజను పడవ పొట్టలో మూసిన గదిలో ఉన్నవారు పైన చెప్పిన పద్ధతిని కార్ల దుకాణపు సామానుతో చేయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. అది అడుగున పేరుకొనియుండును. సామాన్యమైన డిస్ట్రిబ్యూటరులోని ఒక్క రవ్వ దానిని అంటించును. పడవలకని ప్రత్యేకముగా, లోపలి మంట బయటికి పొక్కకుండ చేసిన భాగములు వేరుగా దొరకును. వానినే వాడుడు, స్విచ్చి వేయుటకు ముందు గదిలోని ఆవిరిని గాలికి పోనిండు.

10. కిట్టు ఎవరికి వద్దు? ఏడాదికి రెండు మూడు మారులు, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకో పెండ్లి ఊరేగింపునకో బయటికి తీయు బండికి వద్దు. దాని బ్యాటరీ ఎప్పుడును నీరసించియే యుండును, పాయింట్లే దానికి హితము. చార్జింగు నిలకడ లేక వోల్టులు 15 దాటుచున్న బండికిని అది సరిచేయువరకు వద్దు. దినదినము ఆదోని–ఎమ్మిగనూరుల నడుమ తిరుగువారికిని, సాగునీటి కాలమున గంటల తరబడి పంపు నడుపువారికిని మాత్రము నిస్సంశయముగా వేయించుకొనుమందును.

వేయించుకొనిన తరువాత మొదటి వారము గడువగానే సెన్సారు పలక స్క్రూలను మరల బిగించి, టైమింగును ఒకమారు సరిచూడుడు. పాత ఇంజనుల అదురునకు క్రొత్త స్క్రూలు వదులగును. పాయింట్లు చెడునప్పుడు పది దినముల ముందే దగ్గి, ఈడిగిలబడి తెలియజేయును; మాడ్యూలు చెడునప్పుడు చెప్పా పెట్టక చచ్చును. అందుచేత గీత గీసిన ఆ పాత పలకను, పాయింట్లను, కండెన్సరును, ఫీలరు గేజిని, చిన్న స్క్రూడ్రైవరును నూనెగుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో ఉంచుడు. ఏ తీగ ఎక్కడ తగులవలెనో ప్రతి తీగకును చిన్న చీటి కట్టుడు. దారిలో రవ్వ ఆగినచో ముందు ఫ్యూజు, తరువాత ఎర్తు తీగ, ఆపైన సెన్సారు ముడి, చివరకు బ్యాటరీ కొనలు చూడుడు. ఆ నాలుగును బాగుండియు రవ్వ రాకపోయినచో, మాడ్యూలు తీగలు విప్పి, పాత పలకను గీతకు గీత కలిపి బిగించి, కండెన్సరు తగిలించి, మొనల ఎడము 0.38 మిల్లీమీటర్లు ఉన్నదని చూచుకొని తన్నుడు.